ఊరవతల పెట్టినవన్నీ ఊళ్లోకే: విశాఖ విస్తరణ, ప్రపంచ నగరాల తీరు

విశాఖపట్నం శివార్లలో, గోపాలపట్నం దగ్గరి ఆర్‌ఆర్ వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అనే ఫ్యాక్టరీ మొదలైంది. అప్పటి విశాఖ జనాభా రెండు లక్షల చుట్టుపక్కల. ఫ్యాక్టరీ ఉన్న చోటు ఆ ఊరికి బాగా అవతల. తర్వాత యాజమాన్యాలు మారాయి, 1997లో కొరియా సంస్థ ఎల్‌జీ చేతికి వెళ్లింది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరై బయటికొచ్చి 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల్లో చేరారు. ఆ రోజుల్లో టీవీల్లోనూ టీకొట్ల దగ్గరా వినిపించిన ప్రశ్న ఒకటే: ఇళ్ల మధ్య ఇలాంటి ఫ్యాక్టరీకి పర్మిషన్ ఎవరిచ్చారు? తేదీలు చూస్తే ప్రశ్నను తిరగేసి అడగాల్సి ఉంటుంది. ఫ్యాక్టరీ ముందొచ్చింది, ఇళ్లు తర్వాత వచ్చాయి. అంతమాత్రాన కంపెనీ బాధ్యత తగ్గదు, ట్యాంకును చల్లగా ఉంచాల్సింది వాళ్లే. కానీ అంతమంది జనం ట్యాంకుకు అంత దగ్గరగా ఎలా చేరారన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కంపెనీ దస్త్రాల్లో దొరకదు, ఊరు పెరిగిన తీరులో ఉంటుంది.

అంతకుముందూ ఇదే జరిగింది. మల్కాపురం వైపు రిఫైనరీ 1957లో కాల్టెక్స్ కట్టింది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్‌ది. 1997 సెప్టెంబరు 14న అక్కడ గ్యాస్ లీకై మంటలంటుకుని 60 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. కట్టిన నాడు చుట్టూ ఉన్న ఊళ్లు చిన్నవి. ప్రమాదం నాటికి అది జనసమ్మర్దం మధ్యలో ఉంది.

నగరం తనకు కావాల్సిందే అయినా పక్కన పెట్టుకోలేనిదాన్ని ఊరి బయట పెడుతుంది. ఫ్యాక్టరీ, చెత్త దిబ్బ, మురుగు కాలువ చివర, ఎయిర్‌పోర్టు, పేదల కాలనీ. తర్వాత సరిగ్గా అటువైపే పెరుగుతుంది. ఇది విశాఖకే పట్టిన జబ్బు కాదు. 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక లండన్ మురుగు కాలువల నిర్మాణానికి దిగింది. ఇంజినీరు జోసెఫ్ బాజల్‌గెట్ మురుగంతా ఊరికి తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్ దగ్గర నదిలో కలిపేలా కట్టాడు. లండన్‌లో కలరా తగ్గింది. కంపు మాత్రం దిగువకు జరిగింది. 1878లో ఆ దిగువనే ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార పడవ మరో ఓడను ఢీకొని మునిగి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లు పడింది అప్పుడే వదిలిన మురుగులో. ఇవాళ బెక్టన్, క్రాస్‌నెస్ రెండూ గ్రేటర్ లండన్ లోపలే ఉన్నాయి. ముంబయి 1927లో దేవనార్‌లో చెత్త వేయడం మొదలుపెట్టింది, అదీ ఇప్పుడు నగరం మధ్యే. 2016 జనవరిలో ఆ దిబ్బకు నిప్పంటుకుంటే చుట్టుపక్కల బడులు మూసేయాల్సి వచ్చింది. భోపాల్ కార్బైడ్ ఫ్యాక్టరీ గోడల పక్కకు బస్తీలు ఎలా చేరాయో అందరికీ తెలిసిందే. 2015 ఆగస్టులో చైనాలోని తియాన్‌జిన్ రేవులో రసాయన గోదాములు పేలినప్పుడు, కిలోమీటరు లోపే కొత్త అపార్టుమెంట్లు ఉన్నాయి.

లెక్కల్లో నగరం

ప్రపంచం నగరాల వైపు ఎంత మొగ్గిందో చెప్పే అంకెలు ఐక్యరాజ్యసమితివి. 1950లో పట్టణాల్లో ఉన్నవాళ్లు 75 కోట్లు, అంటే ప్రపంచ జనాభాలో 30 శాతం. 2007 ప్రాంతంలో ఊళ్ల జనాన్ని పట్టణాల జనం దాటేసింది. 2018 నాటికి 420 కోట్లు, 55 శాతం. 2050కి 68 శాతమవుతుందని, పెరిగే జనంలో పదింట తొమ్మిది వంతులు ఆసియా, ఆఫ్రికాల్లోనే ఉంటారని అప్పటి అంచనా. భారత్, చైనా, నైజీరియా మూడే ఆ పెరుగుదలలో మూడో వంతుకు పైగా మోస్తాయని కూడా అందులోనే ఉంది.

ఈ అంకెల్ని చూసి భయపడే ముందు, వాటిని ఎలా లెక్కపెట్టారో చూడాలి. పట్టణం అంటే ఏమిటన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మన జనగణనలో మున్సిపాలిటీ హోదా లేకపోయినా మూడు పరీక్షలు నెగ్గిన ఊరిని పట్టణంగానే లెక్కేస్తారు: జనాభా కనీసం 5 వేలు, మగ కార్మికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది. 2025లో ఐక్యరాజ్యసమితి అన్ని దేశాలకూ ఒకే కొలమానం పెట్టి మళ్లీ లెక్క తీస్తే, దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టోక్యో మూడుకు దిగింది. జకార్తా పైకొచ్చింది, ఢాకా రెండోదైంది. రాత్రికి రాత్రే జకార్తాకు ఎవరూ తరలిపోలేదు. గీత ఎక్కడ గీయాలన్నది మారింది, అంతే.

గీత మారితే ఎంత తేడా వస్తుందో విశాఖవాళ్లకు బాగా తెలుసు. 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, 32 ఊళ్లను కలిపి మహా విశాఖ నగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. సుమారు 111 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్క ఉత్తర్వుతో 540 చదరపు కిలోమీటర్ల దాకా సాగింది. 2001లో 10 లక్షలకు కాస్త తక్కువున్న కార్పొరేషన్ జనాభా 2011లో 17.28 లక్షలైంది. పదేళ్లలో ఏడున్నర లక్షల మంది పొట్టచేత పట్టుకుని విశాఖ బస్సెక్కారని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. అందులో పెద్ద భాగం ఉన్నచోటే ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటిపన్ను కట్టే ఆఫీసు మారింది. దేశమంతా ఇదే ధోరణి. మున్సిపాలిటీ హోదా లేకుండా ఆ మూడు పరీక్షలు నెగ్గిన ఊళ్లను సెన్సస్ టౌన్లు అంటారు. 2001లో 1,362 ఉన్నవి 2011కి 3,894 అయ్యాయి. పేరుకు పట్టణం, పాలన మాత్రం పంచాయతీది.

నగరాలు పెరిగే దారులు మూడు: అక్కడే పుట్టేవాళ్లు, బయటి నుంచి వచ్చేవాళ్లు, గీత మారి లోపలికొచ్చేవాళ్లు. చర్చంతా రెండోదాని మీదే నడుస్తుంది, ఎందుకంటే వచ్చేవాళ్లు కంటికి కనిపిస్తారు. పాత నగరాలకు మొదటి దారి దాదాపు లేనట్టే ఉండేది. మురుగు, అంటురోగాల వల్ల లండన్ లాంటి నగరాల్లో చాలాకాలం పుట్టేవాళ్ల కంటే చచ్చేవాళ్లే ఎక్కువ. పల్లెల నుంచి కొత్తవాళ్లు రాకపోతే ఊరు ఖాళీ అయ్యేది. మంచినీళ్లు, టీకాలు, యాంటిబయాటిక్స్ వచ్చాక 20వ శతాబ్దంలో ఆ లెక్క తలకిందులైంది. అందుకే ఆఫ్రికాలోని చాలా నగరాల్లో ఫ్యాక్టరీలు పెద్దగా లేకపోయినా జనాభా ఆగకుండా పెరుగుతోంది. అక్కడ ఊయలలే నగరాల్ని పెంచుతున్నాయి.

చైనాది ఇంకో తరహా. 1980లో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించినప్పుడు అదో చిన్న సరిహద్దు పట్టణం. 2020 లెక్కల్లో కోటీ 75 లక్షలు. ప్రభుత్వం గీత గీసింది, పరిశ్రమ పెట్టింది, జనం వచ్చారు. వచ్చినవాళ్లకు మాత్రం హుకౌ అనే నివాస నమోదు విధానం అడ్డం పడింది. పని నగరంలో, రేషను నుంచి పిల్లల బడి దాకా హక్కులు పుట్టిన ఊళ్లో. మన దగ్గర అలాంటి చట్టమేమీ లేదు. ఉన్నది అద్దె ఇంటి ఓనరు అడిగే కులం, ఓటరు కార్డు మీద ఉన్న పాత అడ్రసు.

విశాఖను పెంచింది ఎవరు

1901లో విశాఖపట్నం జనాభా 40,892. సముద్రం, కొండలు, తూర్పు తీరంలో ఓడలకు అనువైన మలుపు అప్పుడూ ఉన్నాయి. సహజ అనుకూలత ఉంటే నగరం దానంతటదే పెరుగుతుందనేది నిజమైతే, ఈ ఊరు ఎప్పుడో పెరిగి ఉండాలి. పక్కనే భీమునిపట్నం ఉంది. డచ్చివాళ్ల కాలం నుంచి రేవు, 1861లోనే మున్సిపాలిటీ. తాటిపూడి మీదుగా వచ్చే గోస్తనీ నది కలిసేదీ అక్కడే. అయినా భీమిలి పెరగలేదు, చివరికి 2013లో విశాఖ కార్పొరేషన్లోనే కలిసిపోయింది.

తేడా తెచ్చింది బయట ఎక్కడో జరిగిన నిర్ణయాలు. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చే దగ్గరి దారి కావాలని బ్రిటిష్ ప్రభుత్వం, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అనుకున్నాయి. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేరు బురదను తవ్వి 1933లో లోపలి రేవు తెరిచారు. అలల్ని ఆపడానికి జానస్, వెలెస్డన్ అనే రెండు పాత ఓడల్ని రేవు నోటి దగ్గర కావాలనే ముంచారు. 1941లో సింధియా షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన జల ఉష ఓడను 1948 మార్చిలో నెహ్రూ జలప్రవేశం చేయించారు. తర్వాత రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, 1966లో పరిశ్రమలకు భారీ పరికరాలు చేసే బీహెచ్‌పీవీ, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్. 1960ల్లోనే బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కిరండూల్ రైలు మార్గం వేశారు, ఆ ఖనిజం జపాన్‌కు వెళ్లేది.

ఈ వరసలో విశాఖ జనం తమంతట తాము అడిగి తెచ్చుకున్న పెద్ద పరిశ్రమ ఒక్కటే, ఉక్కు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన, 1992 ఆగస్టులో జాతికి అంకితం. ఇరవయ్యేళ్లు పట్టింది. ఈలోగా సుమారు 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి, 22 వేల ఎకరాల దాకా పోయింది. వడ్లపూడి, అగనంపూడి, గాజువాక పక్కల నిర్వాసిత కాలనీలు అలా వచ్చినవే. నిర్వాసితులకిచ్చిన ఆర్ (రిహాబిలిటేషన్) కార్డు ఉన్నవాళ్లకు ఉద్యోగమన్నారు. ఆ కార్డు చూపించి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లలో ఇప్పుడు మూడో తరం కూడా ఉంది. నగరం పెరగడమంటే పల్లె నుంచి జనం రావడమనే మామూలు బొమ్మలో వీళ్లు కనిపించరు. వీళ్లు కదలలేదు, నగరమే వీళ్ల మీదికొచ్చింది.

ఇక వలస. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్లు లేనిదే విశాఖలో కట్టడం లేదు, రేవు లేదు, రైతుబజారు లేదు. వర్షాధార వ్యవసాయం, చిన్న కమతాలు, నెల్లిమర్ల లాంటి చోట్ల జూట్ మిల్లుల లాకౌట్లు ఇటు తోశాయి. రోజుకూలి తేడా, పిల్లల ఇంగ్లీషు మీడియం, పెద్దాసుపత్రి కేజీహెచ్ ఇటు లాగాయి. ఊళ్లో ఎవరి వీధి ఎవరిదో పుట్టుకతోనే తేలిపోయే పరిస్థితి నుంచి కొంత ఊపిరి పీల్చుకోవచ్చన్న ఆశ కూడా ఒక కారణం. ఆర్థికవేత్తలు దీన్ని తక్కువగా పట్టించుకుంటారు. అయితే కష్టంలో ఉన్న ప్రతి ఒక్కరూ దగ్గరి నగరానికే వస్తారనుకుంటే తప్పు. శ్రీకాకుళం తీరం మత్స్యకారులు విశాఖ ఫిషింగ్ హార్బర్‌ను దాటి గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్తారు. చదువుకున్నవాళ్లు రాత్రి రైలెక్కి హైదరాబాద్‌లో దిగుతారు. వలస దూరాన్ని బట్టి నడవదు, ముందు వెళ్లినవాళ్లు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి నడుస్తుంది.

బయటికే ఎందుకు పెరుగుతుంది

ప్రమాదకరమని ఊరవతల పెట్టిన ఫ్యాక్టరీ పక్కకే జనం వెళ్లి ఇళ్లు కట్టుకుంటారా? తెలివితక్కువగా కనిపిస్తుంది గానీ, లోపల లెక్క సరిగ్గానే ఉంది. ఫ్యాక్టరీ కోసం రోడ్డు వేస్తారు, కరెంటు లైను లాగుతారు, నీటి పైపు వేస్తారు. ఈ మూడూ ఉన్న చోట భూమికి విలువ వస్తుంది. పొగ వల్ల ఆ విలువ ఊళ్లో ఉన్నంత ఉండదు. రోడ్డుండి, నీళ్లుండి, గజం ధర తక్కువున్న చోటు నగరం మొత్తంలో అక్కడే దొరుకుతుంది. పని కూడా అక్కడే ఉంటే బస్సు చార్జీ మిగులుతుంది. రిటైరైన గుమస్తా, ఆటో నడిపేవాడు, కాంట్రాక్టు కార్మికుడు అక్కడ యాభై గజాలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

మాస్టర్ ప్లాన్ దీన్ని ఆపాలి కదా అంటే, ఫ్యాక్టరీ చుట్టూ ఖాళీగా ఉంచాల్సిన బఫర్ జోన్ అని ప్లాన్ మీద ఆకుపచ్చ రంగు వేయడానికి ఖర్చేమీ లేదు. ఆ భూమిని నిజంగా ఖాళీగా ఉంచడానికే ఖర్చు. రైతు పొలం చుట్టూ వెంచర్లు లేస్తుంటే ఆయన ఒక్కణ్నే బఫర్ జోన్‌లో ఉన్నావు, అమ్ముకోవద్దంటే వింటాడా? ప్రభుత్వం కొనాలి, లేదా నష్టపరిహారమివ్వాలి. రెండూ చేయదు. ఆయన అన్‌అప్రూవ్డ్ లేఅవుట్ వేస్తాడు, పదేళ్లకు రెగ్యులరైజేషన్ స్కీము వస్తుంది. విశాఖలో పెద్ద బఫర్ మిగిలిన చోటు ఉక్కు ఫ్యాక్టరీ ఒక్కటే, ఎందుకంటే అక్కడ అవసరానికి మించి భూమిని ముందే లాక్కున్నారు. 2021 జనవరిలో కేంద్రం ఆ ఫ్యాక్టరీలో వాటాల అమ్మకానికి ఒప్పుకున్నప్పటి నుంచి, కొలిమిల కంటే ఆ ఖాళీ ఎకరాల మీదే ఎక్కువమంది కళ్లున్నాయని కార్మిక సంఘాలు అంటున్నాయి. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

భూమి హక్కుల చిక్కులు విస్తరణ దిశను కూడా మారుస్తాయి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి, ఈ ఐదూ కలిసి సింహాచలం పంచగ్రామాలు. భూమి దేవస్థానానిదన్న వివాదంతో అక్కడ వేల కుటుంబాలు తమ ఇంటికి తామే మేడ కట్టుకోవడానికి అనుమతి లేక దశాబ్దాలుగా నలుగుతున్నాయి. నగరానికి మధ్యలో ఉండాల్సిన నేల అలా ఆగిపోతే, ఒత్తిడి మధురవాడ, కొమ్మాది వైపూ పెందుర్తి వైపూ పోయింది. అటు ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములు, రికార్డుల తారుమారు ఆరోపణలు. 2017లో ప్రభుత్వం సిట్ వేయాల్సినంత దాకా వెళ్లింది ఆ వ్యవహారం. రాజధాని వస్తుందన్న మాట 2019 డిసెంబరులో రాగానే ధరలు ఎగిశాయి. జనం రాకముందే ధర వచ్చేయడం మన నగరాల ప్రత్యేకత. ఇళ్లు లేని లేఅవుట్ రాళ్లు, లేఅవుట్లో చోటు దొరకని జనం ఒకే ఊళ్లో ఉంటారు.

ఆ చోటు దొరకనివాళ్లు కొండెక్కారు. విశాఖలో కొండవాలు బస్తీలు లేని దిక్కు లేదు. పనికి దగ్గర, స్థలం ఉచితం. మెట్లెక్కి బిందెలు మోయడం రోజువారీ చాకిరీ. పెద్ద వాన పడినప్పుడల్లా రక్షణ గోడ కూలుతుందేమోనన్న టెన్షన్. ఇళ్ల పట్టాలు, మంచినీటి పైపులు, మెట్లు, గోడలు ఎన్నికల హామీలుగా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వచ్చాయి. వాళ్లను ఆక్రమణదారులనడం తేలిక. నగరంలో పనిచేసే సగంమందికి కొనగలిగే ధరలో ఇల్లు చూపించలేని వ్యవస్థకు ఏ పేరు పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నీళ్లు, గాలి, ఇసుక

నగరం ఎంతదాకా విస్తరించిందో తెలియాలంటే దాని సరిహద్దు మ్యాపు కాదు, నీళ్ల పైపులు చూడాలి. ముడసర్లోవతో మొదలైన విశాఖ దాహం గోస్తనీ మీది తాటిపూడికి, మేఘాద్రిగెడ్డకు, శారదా నది మీది రైవాడకు, చివరికి ఏలేరు జలాశయమున్న ఏలేశ్వరం దాకా వెళ్లింది. ఉక్కు కర్మాగారం అవసరాల కోసం తవ్విన ఏలేరు కాలువ పొడవు 150 కిలోమీటర్లకు పైమాటే. అందులోకి గోదావరి నీళ్లు ఎత్తిపోసి తెస్తున్నారు. సముద్రం ఒడ్డున ఉన్న నగరం గోదావరి జిల్లాల నీళ్లు తాగుతోందన్నమాట.

రైవాడ దగ్గర ఇది గొడవగా మారింది. ఆ జలాశయం దేవరాపల్లి వైపు పొలాల కోసం కట్టింది. నీళ్లలో వాటా నగరానికి వెళ్తుంటే ఆయకట్టు రైతులు మొత్తం నీళ్లు సాగుకే ఇవ్వాలని ఏళ్లుగా అడుగుతున్నారు. దాహమా, పొలమా అని అడిగితే దాహమే ముందనాలి, చట్టాలూ అలాగే చెబుతాయి. కానీ నగరానికి వెళ్లే ప్రతి చుక్కా తాగడానికే వెళ్లదు. పరిశ్రమలకు వెళ్తుంది, కారు కడగడానికి వెళ్తుంది, లీకై రోడ్డు పాలవుతుంది. ఆ పొలాల్లో పంట పోతే ఆ కుటుంబంలో ఒకరు విశాఖ బస్సెక్కుతారు. నగరం కోసం తీసుకున్న నీళ్లు నగరానికి ఇంకొంతమందిని పంపుతాయి. కారణం, పర్యవసానం వేర్వేరు అధ్యాయాల్లో రాసే పాఠ్యపుస్తకాలకు ఈ చుట్టు అందదు.

2018లో కేప్‌టౌన్ కుళాయిలు బంద్ చేసే రోజును ముందే ప్రకటించి, వాడకం తగ్గించుకుని, వానలు పడి గట్టెక్కింది. 2019లో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. జకార్తా నీళ్ల కోసం కింద నేలను తోడేసుకుని కుంగిపోతోంది. రాజధానిని బోర్నియో దీవిలోని నుసంతారాకు మార్చాలని ఇండోనేషియా 2019లో నిర్ణయించడానికి అది ఒక కారణం.

గాలి సంగతి విశాఖ నైసర్గిక స్వరూపంలోనే ఉంది. ఉత్తరాన కైలాస, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్య పళ్లెంలో రేవూ పరిశ్రమలూ. శీతకాలం పొద్దున చల్లగాలి కింద నిలిచిపోతే పొగ పైకి పోదు. పాత నగరంలో, జ్ఞానాపురం వైపు ఆరేసిన బట్టల మీద రేవులోని బొగ్గు గుట్టల పొడి పడటం అక్కడివాళ్లకు కొత్త విషయం కాదు. కన్వేయర్లకు కప్పులు, గుట్టల మీద నీళ్లు చల్లడం లాంటివి వచ్చాయి, కొంత ఫలితం ఉంది. మనుషులు రేవులో ఉద్యోగం కోసం రేవు పక్కకు వచ్చారు, ఉద్యోగాలు యంత్రాలకు పోయాయి, పొడి మిగిలింది.

బీచ్ కోతకు తుపానులనే తప్పుపడతారు. అసలు సంగతి అలల్లో ఉంది. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో బాహ్య హార్బర్ కోసం కట్టిన అలల అడ్డుగోడలు ఆ ఇసుకను దక్షిణం వైపే ఆపేశాయి. ఆర్‌కే బీచ్‌కు రావాల్సింది రాదు. అందుకే రేవు తవ్వకాల్లో తీసిన ఇసుకను మళ్లీ బీచ్‌లో పోస్తున్నారు. ఇదివరకు అల ఉచితంగా చేసిన పనికి ఇప్పుడు డ్రెడ్జర్ కావాలి, డీజిల్ కావాలి, టెండరు కావాలి. కొండల నుంచి దిగే గెడ్డలు వాననీటిని సముద్రానికి చేర్చే దారులు. వాటి ఒడ్లను ఇళ్లు ఆక్రమించాయి, వాటిలోకి మురుగు వదిలారు. గట్టి వాన పడితే లోతట్టు కాలనీల్లోకి వచ్చేది వాన నీరొక్కటే కాదు.

ఎవరి నగరం

ఇదంతా సరిదిద్దాల్సింది ఎవరు? నగర పాలక సంస్థ అనుకుంటే నేల మీద చూడండి. రేవు కేంద్రానిది, నౌకాదళం కేంద్రానిది, రైల్వే భూములు, ఉక్కు, రిఫైనరీ కేంద్రానివే. ప్రణాళిక రాసేది రాష్ట్రం చేతిలోని మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, వీఎంఆర్‌డీఏ. కొన్ని కొండలు అటవీశాఖవి, కొన్ని దేవస్థానానివి. మిగిలిన వీధి దీపాలు, చెత్త, కాలువలు కార్పొరేషన్‌వి. 74వ రాజ్యాంగ సవరణ 1992లో వచ్చింది, నగరాలకు అధికారాలిస్తామంది. విశాఖ కౌన్సిల్ గడువు 2012లో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. ఆ తొమ్మిదేళ్లలో హుద్‌హుద్ తుపాను వచ్చింది, స్మార్ట్ సిటీ ఎంపిక జరిగింది, భీమిలి, అనకాపల్లి విలీనమయ్యాయి. ఈ నిర్ణయాలేవీ నగరం ఎన్నుకున్న మేయరు బల్ల మీదికి రాలేదు, అసలు మేయరే లేరు. ప్రపంచంలో నగరాల మేయర్లు ప్రధానమంత్రులవుతుంటే ఇక్కడ వార్డు సభ్యుడికి కాలువ పూడిక తీయించడమే పెద్ద విజయం.

నగరాల వల్ల మేలేమీ లేదనడం అబద్ధం. ప్రపంచ ఉత్పత్తిలో 80 శాతానికి పైగా నగరాల్లోనే జరుగుతుందని ప్రపంచ బ్యాంకు అంటుంది. ఆడపిల్లల చదువు, సొంత సంపాదన, ఆస్పత్రికి దూరం తగ్గడం, వీటిలో నగరం పల్లెను ఎప్పుడో దాటింది. ఆ మేలుకు ఒక పర్యవసానం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధనను 2024లో రాష్ట్రమే తీసేసింది. అంటే విశాఖ ఇకపై ఊయలల వల్ల పెరగదు. పెరిగితే వలస వల్ల, గీత జరపడం వల్ల పెరగాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో కూడా పిల్లలు తగ్గుతున్నారు కాబట్టి, రేపటి కూలీ ఒడిశా నుంచో, బీహార్ నుంచో, జార్ఖండ్ నుంచో రావాలి. పరిశ్రమల షెడ్ల దగ్గర చెవి పెట్టి వింటే ఆ మార్పు ఇప్పటికే మొదలైందని తెలుస్తుంది.

గీత ఎటు జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఎయిర్‌పోర్టు నేవీది కావడంతో కొత్తదాన్ని ఊరవతల, విజయనగరం జిల్లా భోగాపురంలో కడుతున్నారు. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. విమానాలు దిగడానికి ఎంతో ముందే భీమిలి నుంచి అటు వెళ్లే దారికి రెండు పక్కలా వెంచర్ల జెండాలు దిగాయి. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి, వేల ఏళ్లలో గాలీ నీరూ పేర్చిన నేల అది. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో డేటా సెంటర్ కడతానంది. డేటా సెంటర్‌లో ఉద్యోగాలు తక్కువ, కరెంటు వాడకం ఎక్కువ, చల్లబరచడానికి నీళ్లు కావాలి. రైవాడ రైతుకీ కొండవాలు బిందెకీ మధ్య ఉన్న పేచీలోకి మూడో పార్టీ వచ్చింది.

దక్షిణాన పాత కథే కొత్త చోట నడుస్తోంది. నగరం లోపల ఇక కుదరదని రసాయన, మందుల పరిశ్రమల్ని పరవాడ ఫార్మా సిటీకి, అచ్యుతాపురం సెజ్‌కు పంపారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. సెజ్ చుట్టూ కార్మికులకు అద్దెకిచ్చే గదులు వరసగా లేస్తున్నాయి, వాటికి ప్లాను చూసి సంతకం పెట్టేది పంచాయతీ. పరవాడలో తాడి అనే ఊరు ఫ్యాక్టరీల మధ్య చిక్కుకుపోయింది. తమను ఊరితో సహా ఇంకెక్కడికైనా తరలించమని అక్కడి జనం ఏళ్లుగా ధర్నాలు చేస్తున్నారు. తరలించడానికి చూపిన స్థలం ఎక్కడిదైనా, దాని పక్కన వచ్చే పదేళ్లలో ఏం రాబోతోందో రాసి సంతకం పెట్టగల ఆఫీసు విశాఖలో ఇప్పటికైతే లేదు.